అక్క చెప్పిన దిద్దుబాట్లు

పుస్తకాలను పైకి చదివి వినిపించే ఆ ప్రోగ్రాం అందరికీ ఉచితం. చూపులేని వాళ్ల కోసం పదకొండు మంది తీరిక వేళల్లో, పైసా తీసుకోకుండా తయారుచేశారు. ఏడేళ్లకు ఒక ధర్మసంస్థ మెచ్చి డబ్బిచ్చింది. పంచే పెత్తనం పెద్దాయన మీద పడింది. జట్టులో అందరూ ఆయన్ని అలాగే పిలుస్తారు. ఎవరి పేరున ఎన్ని దిద్దుబాట్లు నమోదైతే వాళ్లకు అన్ని వంతులన్నాడు. అందరూ సరేనన్నారు.

తీరా చూస్తే సగానికి పైగా ఆయనకే వచ్చింది.

"ఇంత పని ఎప్పుడు చేశారండీ?" అంది భార్య, బట్టలు మడతపెడుతూ. "సాయంత్రమైతే ఫోన్లో అక్కతో కబుర్లేగా!"

ఆమె వేళాకోళానికే అంది. ఆయన మాత్రం లెక్క తెరిచి మళ్లీ మొదటినుంచీ చూశాడు.

అక్కంటే తోబుట్టువు కాదు, ఆ ప్రోగ్రాం వాడుతూ పరిచయమైన ఆవిడ; టెలిఫోన్ ఆపరేటరుగా చేసి రిటైరైన మనిషి. పుట్టుకతోనే చూపు లేదు. ప్రోగ్రాం ఏ మాట తప్పు చదివినా ఆవిడ చెవికి దొరికిపోయేది. ఆవిడ ఫోన్లో చెప్పేది, ఈయన దిద్ది తన పేరున ఎక్కించేవాడు. తప్పు పట్టినవాళ్ల పేరు రాయడానికి వేరే గడి ఉంది. మొదటిసారి తొందరలో ఖాళీగా వదిలేశాడు. తర్వాత అదే అలవాటైపోయింది.

మర్నాడు పొద్దున దేవుడి ముందు చేతులు జోడించాడు గానీ మనసంతా అక్క మీదే ఉంది. తెలియక చేసింది పొరపాటే అనుకుందాం. తెలిశాక కూడా ఊరుకుంటే దాన్నేమనాలి? మధ్యాహ్నానికల్లా డబ్బు అందరికీ వెళ్లిపోతుంది.

అక్కకు ఫోన్ చేశాడు.

"ఏం తమ్ముడూ, సాయంత్రం దాకా ఆగలేకపోయావా?"

ఉన్నదంతా చెప్పేశాడు.

"డబ్బు సంగతి అలా ఉంచు. నా పేరు ఎక్కడా లేదా?"

"లేదక్కా."

"ఉంటుందని మా వదినతో ఎన్నిసార్లు గొప్పలు పోయానో."

"పంపకం ఆపిస్తానక్కా. కానీ ఏవి నీవో, ఏవి నావో నేను రాసిపెట్టుకోలేదు."

"నాకు గుర్తున్నాయిలే. మొదటినుంచీ చదువు. నీవి నీకే వదిలేస్తాను, భయపడకు."

నవ్వబోయాడు, నవ్వు రాలేదు. ముందు జట్టులో పదిమందికీ రాశాడు: "పంపకం ఆపండి. నా వంతులో చాలా పని అక్కది. ఆ సంగతి నేను దాచినట్టే అయింది." పంపేసి, మొదటి దిద్దుబాటు చదివాడు.

"నాదే."

రెండోది చదివాడు.

"అదీ నాదే."

మూడోదానికి ఆయన గొంతు సన్నబడిపోయింది.

"గట్టిగా చదువు," అంది అక్క. "వినపడటం లేదు."