ఆఖరి పదహారు పేజీలు

ఈస్టర్‌కి కొండెక్కి, చెక్క ఇంటి గోడకి వీపు ఆనించి, ఎండలో కూర్చుని నారింజ ఒలుచుకుంటూ ఒక హత్య చదవకపోతే గున్వోర్‌కి అది పండగే కాదు. ముప్పై ఏళ్ళు లోయలో ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. కవరు మీది చేతిరాత చూసి లోపల ఏడుపుందో నవ్వుందో చెప్పేది. పుస్తకాల్లో హంతకులు ఆమెకి ఒక లెక్కా? వందో పేజీ దాటేలోగా పేరు చెప్పేసేది. తొమ్మిది ఈస్టర్లుగా ఒక్కసారీ తప్పలేదు.

ఆ తొమ్మిదేళ్ళలో చదువులో రుచి తగ్గిపోయింది. ఆ మాట మాత్రం ఆమె ఎవరికీ చెప్పలేదు. చివరి పేజీ మూసి, "అనుకున్నదే" అని ఒక్క నిట్టూర్పు విడిచేది, అంతే.

ఈసారి తెచ్చుకున్నది పాత పుస్తకాల అంగట్లో దొరికిన నవల. గుడ్ ఫ్రైడే మధ్యాహ్నానికి డిటెక్టివ్ అందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, "ఆ రాత్రి రొట్టెలాయన్ని చంపింది..." అన్నాడు. గున్వోర్ పేజీ తిప్పింది. అక్కడ అట్ట ఉంది. కుట్టు ఊడి, పదహారు పేజీల ఆఖరి కట్ట ఎప్పుడో రాలిపోయింది.

"అస్లౌగ్! పదహారు పేజీలు లేవే!" అని కేక పెట్టింది.

చెల్లెలు అస్లౌగ్ పక్కనే కూర్చుని స్వెటర్ అల్లుతోంది. ఆమె జన్మలో హత్యల పుస్తకం ముట్టుకోలేదు. "హంతకుడెవరో నీకెలాగూ తెలుసు కదక్కా. ఇంకెందుకా గోల?"

"డాక్టరే. కానీ నేననుకుంటే సరిపోతుందా? వాడి నోటితో వాడు ఒప్పుకోవద్దూ!"

కొండ మీద ఫోను పలకదు. ఆలోచించగా టోర్గ్రిమ్ గారు గుర్తొచ్చాడు. పడవల కెప్టెన్‌గా రిటైరై, మూడు కిలోమీటర్ల అవతల ఉంటున్నాడు. ఆయన ఇంట్లో గిన్నెల కంటే పుస్తకాలే ఎక్కువ. అక్కచెల్లెళ్ళిద్దరూ కాళ్ళకి స్కీలు కట్టుకుని మంచు మీద బయల్దేరారు. దారిపొడుగునా గున్వోర్ కథ చెబుతూనే ఉంది: చిన్న దీవి, కుండపోత వాన, ఆ రాత్రి ఎవడో రొట్టెల దుకాణం యజమానిని రేవులోకి తోసేశాడు. అనుమానమంతా లైట్‌హౌస్ కాపలాదారు మీద, అప్పులున్న డాక్టరు మీద, పాస్టరు గారి అక్క మీద.

"ఆ అక్క మాత్రం దేవత లాంటి మనిషనుకో. ఆ రాత్రి గడప దాటలేదట. మర్నాడు తన ఉన్ని చేతితొడుగులు ఒక పసిపిల్లకి ఇచ్చేసింది, తనకి పట్టడం లేదని."

అస్లౌగ్ స్కీ కర్రలు మంచులో గుచ్చి ఆగిపోయింది. "పట్టడం లేదా? నిన్నటిదాకా పట్టినవేనా?"

"దానం చెయ్యడానికి ఏదో ఒక సాకులే. నడు, నడు."

టోర్గ్రిమ్ గారి దగ్గర ఆ పుస్తకం ఉంది, చివరి పేజీతో సహా. కానీ చేతికివ్వలేదు. గుమ్మం ముందు మంచు మీద రెయిన్‌డీర్ తోళ్ళు పరిచి, కాఫీ పోసి, పుస్తకం ఒళ్ళో దాచుకున్నాడు.

"ముందు పేరు చెప్పండి. తర్వాత నేనే చదివి వినిపిస్తా. వయసైపోయినవాణ్ణి, ఈ మాత్రం సరదా ఉండొద్దూ?"

"డాక్టరు," అంది గున్వోర్ తడుముకోకుండా.

"మీరేమంటారమ్మా?" అని అస్లౌగ్‌ని అడిగాడు.

"నేను చదవలేదండీ. కానీ ఆ పాస్టరు గారి అక్కే."

గున్వోర్ ఫక్కున నవ్వింది. "ఏమే, ఆ మహాతల్లి నిన్నేం చేసింది?"

"చేతితొడుగులు ఒక్క రాత్రిలో ఎలా చిన్నవయ్యాయక్కా? ఉన్ని తడిసి ముద్దయ్యాక పొయ్యి పక్కన పెడితేనే అలా కుంచించుకుపోతుంది. గడప దాటని మనిషి తొడుగులు ఎలా తడిశాయి?"

కెప్టెన్ కళ్ళజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టాడు. మూడో పేజీలోనే డిటెక్టివ్ ఆ పసిపిల్ల చేతితొడుగులు బల్ల మీద పెట్టాడు.

గున్వోర్ ఆయన చేతిలోంచి పుస్తకం లాక్కుని వెనక్కి తిప్పింది. నలభై ఒకటో పేజీ. మొత్తం అక్కడే ఉంది, ఏ మూలా దాచకుండా, పట్టపగల్లా. రచయిత ఒక్క అబద్ధమూ ఆడలేదు. తానే చదివింది, తన నోటితో తానే చెప్పింది, చివరికి తానే పప్పులో కాలేసింది.

"దొంగ పీనుగ! ఎంత బాగా మోసం చేశాడే నన్ను!" అని అస్లౌగ్‌ని పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వుకి ఇద్దరూ తోళ్ళ మీంచి మంచులోకి జారిపడ్డారు. కాఫీ ఒలికింది. తొమ్మిదేళ్ళు గెలిచినప్పుడు ఎటుపోయిందో ఆ సంతోషం, ఓడిపోగానే వెతుక్కుంటూ వచ్చింది. హత్యల పుస్తకంలో తాను ఇన్నాళ్ళూ కోరుకున్నది హంతకుడి పేరు కాదని, కళ్ళెదుట ఉన్నదాన్ని చూడలేకపోయానే అన్న ఈ తీయని అవమానమేనని ఆమెకి ఆ మంచులో కూర్చునే తెలిసొచ్చింది.

తిరిగి వెళ్ళేటప్పుడు టోర్గ్రిమ్ గారు రెండు పుస్తకాలిచ్చాడు. ఒకటి అస్లౌగే అడిగి తీసుకుంది.

మర్నాడు ఆమె అల్లిక పక్కన పడేసి, పొద్దుటి నుంచీ ఎండలో పుస్తకంలోంచి తల ఎత్తలేదు. అది గున్వోర్ ఎప్పుడో చదివేసినదే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి, ఒకటికి నాలుగుసార్లు వచ్చి చెల్లెలి భుజం మీదుగా తొంగిచూసింది.

"ఎంతవరకొచ్చావే?"

"అక్కా, ఒక్క మాట అన్నావంటే మధ్యాహ్నం గొర్రె మాంసం నీకు పెట్టను."

గున్వోర్ గబుక్కున నారింజ తొన ఒకటి నోట్లో కుక్కుకుని, లోపలికి పరిగెత్తింది.