నాలుగో మెట్టు

మామయ్యగారి స్నానానికి నీళ్ళు పత్తికట్టె మీదే కాగాలి. గ్యాసు పొయ్యి వచ్చి మూడేళ్ళయింది. దాని మీద చుట్టాలకు కాఫీ పెడతాం. మిగతా వేళల్లో అత్తయ్య కుట్టిన పూలగుడ్డ కప్పి ఉంచుతాం. "గ్యాసు మీద అన్నానికి రుచేదమ్మా" అంటారు మామయ్యగారు. అందుకని వంటంతా వెనక వసారాలో మట్టిపొయ్యి మీదే. నేను కాపురానికి వచ్చేదాకా ముప్ఫై ఎనిమిదేళ్ళు అత్తయ్యే దాన్ని ఊదింది. తరవాత ఊదుగొట్టం నా చేతికొచ్చింది. ఆమె గోడకానుకుని ఆయాసపడుతూ, ఏ పుల్ల ఎటు తోయాలో చెబుతూ ఉంటుంది.

జగ్గయ్యపేటలో ఆమెకెప్పుడూ ఉబ్బసం బిళ్ళలే ఇచ్చేవారు. 2003 చలికాలంలో అవి పనిచేయలేదు. నందిగామలో ఊపిరితిత్తుల డాక్టరుగారికి చూపించాం. మా ఇంట్లో ఆడవాళ్ళ జబ్బు మగవాళ్ళే చెప్పాలి. అత్తయ్య స్టూలు మీద, నేను తలుపు పక్కన, మా ఆయన డాక్టరుగారికి ఎదురుగా.

"ఎప్పట్నుంచమ్మా ఆయాసం?"

"చిన్నప్పట్నుంచీ ఉందండి. మా అమ్మమ్మకీ ఉబ్బసమే," అన్నారు మా ఆయన.

"చుట్టా బీడీ ఏమన్నా?"

మా ఆయన నవ్వారు. "మా అమ్మ గుడికి తప్ప గడప దాటదండి."

"పనేం చేస్తుంటారు?"

"పనేం లేదండి. ఇంట్లోనే ఉంటది."

డాక్టరుగారు అదీ రాసుకున్నారు. అత్తయ్య తన చేతులకేసి చూసుకుంది.

"మధ్యలో ఆయాసం పూర్తిగా పోయే రోజులుంటాయా?"

మా ఆయన అత్తయ్య వంక చూశారు. అత్తయ్య ఆయన వంక చూసింది.

నాకు తెలుసు. కిందటి వేసవిలో ఆమె కంచికచర్లలో చెల్లెలింట పదిరోజులుంటే తోడు నేనే వెళ్ళాను. అక్కడంతా గ్యాసే. మూడోరోజుకి ఊపిరిలో పిల్లికూతలు ఆగిపోయాయి. రోజూలా కూర్చుని కునకకుండా, పడుకుని నిద్రపోయింది. కానీ బట్టలారేయడానికి మేడ ఎక్కబోతే నాలుగో మెట్టు మీద ఆగేది. పదోరోజూ అక్కడే ఆగింది. ఆ సంగతి నన్నెవరూ అడగలేదు.

"పిల్లికూతలు పోతాయండి. మెట్లెక్కితే వచ్చే ఆయాసం పోదు," అన్నాను.

"నువ్వుండు మైథిలీ," అన్నారు మా ఆయన.

"చెప్పనివ్వండి," అన్నారు డాక్టరుగారు.

మెట్ల గురించి, పత్తికట్టె గురించి, ముప్ఫై ఎనిమిదేళ్ళ గురించి చెప్పాను. ఆయన ఇందాక రాసినదాంట్లో ఒక లైను కొట్టేశారు. అత్తయ్యచేత ఊపిరి కొలిచే గొట్టంలోకి ఊదించి చూశాక అన్నారు: "వచ్చిపోయేది ఉబ్బసం. పోనిది పొగవల్ల వచ్చిన జబ్బు. రెండూ కలిసి ఉన్నాయి. ఇన్నాళ్ళూ ఒకదానికే మందు వాడారు. మందు మారుస్తా, కానీ ఆ పొగలో ఉంటే ఏ మందుకూ ఆగదు." తరవాత నావైపు చూశారు. "ఇప్పుడా పొయ్యి ఎవరు ఊదుతున్నారు? దగ్గుందా?"

ఈసారి మా ఆయన కూడా నావైపు తిరిగారు.

"పొద్దునపూట ఉంటుందండి," అన్నాను.

బస్సులో మా ఆయన, "ఇంకా కట్టెల మీదే వండుకుంటున్నామని ఊరంతా చాటాలా," అన్నారు. అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ, "నాలుగో మెట్టని నువ్వెప్పుడు చూశావే పిల్లా," అంది.

మర్నాడు పూలగుడ్డ తీసి మడతపెట్టి, గ్యాసు మీద అన్నానికి ఎసరు పెట్టాను. మామయ్యగారు తువ్వాలు భుజాన వేసుకుని వచ్చారు.

"నీళ్ళేవమ్మాయ్?"

"కాగు నిండా పోశానండి మామయ్యగారూ. కట్టెలు వసారాలో ఉన్నాయి. ఊదుగొట్టం చూరులో ఉంది."

ఆయన తువ్వాలు దండెం మీద వేసి, వసారాలోకి వెళ్ళారు. అగ్గిపుల్ల గీసిన చప్పుడయింది. మొదటి పొగ లోపలికి రాకముందే అత్తయ్య లేచి, వంటింటి తలుపు మూసి గడియ పెట్టింది.