పాపాయి కేక

పొద్దున్నే రేవులో టీ కాచి అమ్మడం, ఎవరిదేం పోయినా ఓ కేక వెయ్యడం. గోదారి లంకలో పాపాయికి రోజూ ఇవే పనులు. ఆ కేక ఆవిడ నోట్లోంచి దిగి, ఏటి మీద నడిచి వెళ్ళి, పోయినదాన్ని పట్టుకొచ్చి, మళ్ళీ ఆవిడ గొంతులో దూరేది. తప్పిపోయిన గేదెలూ, జారిపోయిన ముక్కుపుడకలూ అలాగే ఇళ్ళకొచ్చాయి.

కొడుకు సత్యప్రసాద్ వరదలో పడవతో సహా పోయాడు. వెతికే బోట్లు వారం తిరక్కుండానే వెళ్ళిపోయాయి. గ్యాసు కోసమైతే ఆ లంకలోనే ఏళ్ళ తరబడి నేల తొలుస్తారు, మనిషికి వారం చాలు. పాపాయి కూడా వాడి కోసం కేక వెయ్యలేదు. కేక ఉన్నది ఉన్నట్టే తెస్తుంది. వెయ్యనంతకాలం వాడు ఎక్కడో బతికే ఉంటాడు.

కోడలు సూర్యకళకి రాజమండ్రిలో నర్సు ట్రైనింగ్ సీటొచ్చింది. వెళ్ళలేదు. రోజూ మొగుడికని కంచంలో అన్నం పెట్టుకుని రేవులో కూచునేది.

"నాకోసమైనా పిలువు అత్తా."

"పిలిస్తే ఏం తెస్తుందో నీకు తెలీదా?"

ఓరోజు గ్యాసు సర్వే ఇంజనీరు జానకిరామ్ టీకొచ్చాడు.

"గట్టు మీద ఆ బోర్డేంటి బాబూ?"

"ఎక్స్‌ప్లొరేషన్ అండి. వెతుకులాట."

"వెతుక్కోడానికి అంత పొడుగు మాటా?"

"పాత లాటిన్ మాటండి. మొదట్లో గొంతెత్తి అరవడమని అర్థమట. వేటగాళ్ళు కేకలేసి జంతువుల్ని బయటికి రప్పించేవారట. అందులో ఏడుపు కూడా ఉందంటారు."

"మీరు ఏడవకుండానే వెతుకుతారా?"

"మాకు మిషన్లున్నాయిగా."

పాపాయి నవ్వలేదు. "నేనూ ఏడవలేదు బాబూ. అంటే వాణ్ణి వెతకనే లేదన్నమాట."

గ్లాసు కింద పెట్టి నీటి అంచుకి నడిచింది. "ఒరే ప్రసాదూ" అని పిలిచింది. అన్నాళ్ళ ఏడుపూ ఆ పిలుపులోనే పోయింది.

సాయంత్రానికి కేక తిరిగొచ్చింది. నానిపోయిన తువ్వాలొకటి సూర్యకళ ఒళ్ళో పెట్టింది. అంచుకి ఎర్రదారం, ప్రసాదుకని సూర్యకళ కుట్టిందే. తర్వాత అది పాపాయి గొంతులోకి వెళ్ళలేదు. వెనక్కి తిరిగి నీళ్ళ మీద నడిచిపోయింది. దాంతో పాపాయికి మాట కూడా పోయింది.

తువ్వాలు మడుస్తూ సూర్యకళ అంది, "దాన్ని పోనీ అత్తా. ఆయనొక్కడే ఉన్నాడుగా అక్కడ."

కోడలి గాజులు తీయడానికొచ్చిన ఆడవాళ్ళని పాపాయి చేత్తోనే గుమ్మం దాటించింది. ట్రైనింగ్‌కి వెళ్ళమని నోటితో చెప్పలేక, కోడలి పెట్టె తనే నెత్తినెత్తుకుని ఏరు దాటించే పంటు ఎక్కించింది.

పంటు కదిలాక సూర్యకళ "అత్తా" అని పిలిచింది.

గట్టు మీద పాపాయి పెదవులు కదల్లేదు. ఏటి నడుమ నుంచి "ఆఁ, వెళ్ళమ్మా" అని వినిపించింది.