నలభయ్యో రోజు గోధుమలు

నా మొగుడు యాకుమీస్ పుట్టు సోమరి. యుద్ధానికి రమ్మంటే నడుం పట్టేసిందన్నాడు. ఆస్పత్రి ఓడలో వంటవాడు కావాలనేసరికి ఆ నడుం దానంతటదే సర్దుకుంది. "తెల్లటి ఓడ, దానిమీద ఎర్ర సిలువ. దాన్నెవడు కొడతాడే పిచ్చిమొహమా!" అని నన్నే వెక్కిరించి వెళ్ళాడు.

సిలువను చూసి మనుషులు ఆగుతారేమో, ఏజియన్ సముద్రంలో వదిలేసిన మందుపాతర ఆగుతుందా? మా దీవికి కనుచూపు మేరలోనే ఓడ గంటలో మునిగింది. మా జాలరులు పడవలేసుకెళ్ళి దొరికినవాళ్ళను దొరికినట్టు ఒడ్డుకు చేర్చారు. వాళ్ళలో యాకుమీస్ లేడు.

మూడో రోజునే మా అత్త మరూసో గోధుమల సంచితో దిగింది. పోయినవాళ్ళ పేరిట మూడో రోజు, తొమ్మిదో రోజు, నలభయ్యో రోజు గోధుమలు ఉడికించి, పైన పంచదార పరిచి, చర్చిలో పంచుతాం.

"పొయ్యి ముట్టించవే కల్లిరోయీ. వాడి ఆత్మ ఆకలితో తిరుగుతోంది."

"ఏ కాఫీ కొట్టు చుట్టూనో తిరుగుతుంటాడు. శవం చూపించు, ఉడికిస్తా."

ఉడికిస్తే చచ్చాడని నేనే ఒప్పుకున్నట్టు. గోధుమలు కోళ్ళకు వేశాను. తొమ్మిదో రోజు మళ్ళీ తెచ్చింది. మళ్ళీ కోళ్ళకే. ఊళ్ళో అంత బలిసిన కోళ్ళు ఇంకెవరికీ లేవు. ఫాదర్ వచ్చి నరకం గురించి చెబితే, రెండు గుడ్లు చేతిలో పెట్టి పంపాను.

నలభయ్యో రోజు పొద్దున అత్త మూడో సంచి దించుతుండగా, కర్ర ఊతంతో ఒకతను గుమ్మంలోకి వచ్చాడు. పేరు మిహాలిస్. ఆ ఓడలో రోగులను మోసేవాడట, ఇన్నాళ్ళూ తనే మంచం మీదున్నాడట.

"యాకుమీస్ పడవెక్కేశాడమ్మా. కింద కట్లతో కదల్లేనివాళ్ళ కేకలు విని మళ్ళీ ఓడలోకి దిగాడు. ఇద్దర్ని వీపునేసుకుని తెచ్చాడు. మూడోవాడి కోసం వెళ్ళాడు..." తల దించుకున్నాడు.

అత్త గయ్యిమంది. "అబద్ధం! నా కొడుకు గ్లాసుడు నీళ్ళకి కూడా లేవడు. నువ్వు చూసింది ఇంకెవర్నో!"

నాకూ అదే ఆశ. "మోస్తూ ఏమైనా అన్నాడా?" అని అడిగాను.

"అన్నాడా? తిట్టాడమ్మా, దారి పొడుగునా! 'కల్లిరోయి నీళ్ళకుండ మొయ్యమంటేనే మొయ్యలేదు, నిన్నెందుకు మోస్తున్నానురా దున్నపోతా' అని."

నా పేరు ఓడలో ఇంకెవరికి తెలుసు? యాకుమీసే.

అత్త సంచిని రెండు చేతులా వాటేసుకుంది. "వద్దే తల్లీ, ఉడికించకే!"

ఆమె వేళ్ళు ఒక్కొక్కటీ విడదీసి, సంచి తీసుకుని, ఏడుస్తూ పొయ్యి ముట్టించాను.