కరెంటు లేని ఫ్యాను

ఆపరేషన్ అయిన పసిపిల్లలు మత్తులోంచి తేరుకునే గదిలో ఒక పాత ఫ్యాను ఉంది. ఏసీ పెట్టినప్పుడే దాని వైరు కోసేశారు. అయినా తిరుగుతుంది, గదిలో ఉన్నవాళ్ళలో అందరికంటే చిన్న బిడ్డ ఊపిరితో. ఊడ్చే ఆయా కూడా ముందు దాన్ని చూసి, ఆ తర్వాతే చీపురు పడుతుంది.

ఆ ఉదయం దాన్ని ఊడదీయడానికి ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేసుకుని వచ్చాడు. కొత్త సూపరింటెండెంటు గారికి అది చూడ్డానికి బాగాలేదట.

నర్సుకి ఒళ్ళు మండిపోయింది. అప్పుడే పెదవి కుట్టించుకుని వచ్చిన మూడు నెలల పాపను పక్కకి తిప్పి పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి, వీపుకి బట్టచుట్ట ఆనించింది. "ఇలాగే ఉండాలమ్మా. కదపొద్దు, దిండు అసలే వద్దు" అని పాప అమ్మమ్మకి చెప్పి, నిచ్చెన వైపు తిరిగింది.

"ఆ మహానుభావుడు ఈ గదిలో ఒక్క గంట నిలబడ్డాడా? మెషీను ఆలస్యంగా చెప్తుంది, ఇది ముందే చెప్తుంది!"

"నన్నంటే ఏం లాభం అక్కా?" అంటూ అతను రెక్క పట్టుకున్నాడు.

"పట్టుకోకు! పాప ఊపిరి నాకెలా తెలుస్తుంది? చెయ్యి తియ్యి!"

"తీశానక్కా."

రెక్క కదల్లేదు.

మంచం పక్కన ఆక్సిజన్ కొలిచే మెషీను మీద పచ్చ అంకె ఇంకా నిక్షేపంగా ఉంది. నర్సు దాన్ని చూడనేలేదు, ఒక్క అంగలో మంచం దగ్గరుంది. పాప వెల్లకిలా ఉంది. తలకింద మడతపెట్టిన తువ్వాలు. గడ్డం ఛాతీకి ఆనుకుపోయింది. పొట్ట ఎగిసిపడుతోంది, ముక్కులో మాత్రం గాలి లేదు.

"డాక్టర్ గారూ!" అని కేకేసి, తువ్వాలు లాగి విసిరికొట్టింది. గడ్డం ఎత్తి, పాపని పక్కకి తిప్పి, ఆక్సిజన్ పెట్టింది. "తియ్యమ్మా... ఊపిరి తియ్యి..."

రెక్క వణికింది. ఒక చుట్టు తిరిగింది. పాప కెవ్వుమంది. అప్పుడు మోగింది మెషీను.

"ఇప్పుడా అరిచేది, సిగ్గులేనిదానా!" అని మెషీనుని కసిరింది నర్సు.

"మెడ పట్టేస్తుందేమోనని నేనే పెట్టాను..." అంటూ అమ్మమ్మ కిందపడ్డ తువ్వాలు తీసింది.

"నా మాట గాలికి పోయిందా?" నర్సు ఆ కోపంతోనే అమ్మమ్మ వేళ్ళు పట్టుకుని పాప గడ్డం ఎముక కింద పెట్టింది. "నొక్కొద్దు. ఆనించి ఉంచండి."

పైన ఎలక్ట్రీషియన్ స్క్రూడ్రైవర్ తీసి నాలుగు స్క్రూలూ బిగించాడు. దిగొచ్చి, ఆర్డరు కాగితం మీద 'తుప్పు పట్టింది, ఊడదు' అని రాసి సంతకం పెట్టాడు.

"గట్టిగా బిగించావా?" నర్సు గద్దించింది.

"వేలాడి చూశానక్కా."