మూట కట్టిన దుప్పటి

సాయంత్రం ఆమె ఇంటికొచ్చేసరికి గదినిండా బాతులే. కూతురు కంప్యూటర్‌లో లెక్కల ఆట ఆడుతోందన్నమాట. జవాబు సరిగ్గా చెబితే బాతులు తెరలోంచి దిగి ఇంట్లో తిరుగుతాయి, కంప్యూటర్ కట్టేస్తే మళ్లీ లోపలికి పోతాయి. అత్తగారి బాధల్లా నేల తడిసిపోతోందనే.

"కాళ్లు తుడుచుకుని దిగమని చెప్పవే వాటికి!" అని మనవరాలి మీద విసుక్కుంటోంది.

ఆమె గోడకి జారగిలబడింది. ఒళ్లు హూనమైపోయింది. ఆసుపత్రి లాండ్రీలో పదకొండేళ్లు ఇస్త్రీ చేసింది. లెక్కలు చూసే పెద్దావిడ మానేశాక, వారం కిందట ఆ బల్ల దగ్గర ఈమెను కూర్చోబెట్టారు. కూర్చునే పని కదా అని పొంగిపోయింది పిచ్చిది. వార్డు నుంచి రోజూ యాభై అయిదు దుప్పట్లు ఉతుక్కి వస్తున్నాయి. తిరిగి పంపేటప్పుడు ఆమె చీటీలో యాభయ్యే తేలుతున్నాయి.

"రేపు కూడా తగ్గితే నువ్వే తీస్తున్నావని రాయాల్సొస్తుంది," అన్నాడు సూపర్‌వైజర్ మధ్యాహ్నం. అరవలేదు కూడా. అరిచినా బాగుండేది. దొంగ అనిపించుకుని ఆ గుమ్మం దిగడం కన్నా ఘోరం ఆమెకు ఇంకేదీ తోచలేదు.

"అమ్మా, ఈ ఒక్కటీ నువ్వు చెప్పవా?"

తెరమీద చెరువు. ఒక తల్లి బాతు, దాని వెనక పది పిల్లలు. మొత్తం ఎన్ని బాతులు?

"పది."

తల్లి బాతు కదల్లేదు. తెర అంచున నిలబడి ఆమెకేసే చూస్తూ ఉండిపోయింది.

"తల్లిని వదిలేశావేంటమ్మా! అదీ బాతే కదా."

"సరేలే, పదకొండు," అంది ఆమె ఆవులిస్తూ.

బాతు పిల్లల్ని వెంటేసుకుని దిగింది. ఆమె లేచి రెండు కంచాలు పెట్టి, అత్తగారికీ కూతురికీ వడ్డించి, మిగిలింది గిన్నెలోనే కలుపుకుని నిలబడి తినేసింది.

కంప్యూటర్ కట్టేస్తే పిల్లలు పోయాయి కానీ తల్లి బాతు పోలేదు. పొద్దున్నే ఆమె వెంట బస్సెక్కింది.

"ఒళ్లో పెట్టుకోమ్మా, ఎవరైనా తొక్కేస్తారు," అన్నాడు కండక్టర్.

లాండ్రీలో ఆమె ఎప్పట్లాగే పది దుప్పట్లు లెక్కపెట్టింది. ఇంకో దుప్పటి పరిచి, వాటిని అందులో పెట్టి మూట కట్టింది. చీటీలో పది అని రాయబోతుంటే బాతు వెళ్లి ఆ ముడి మీద కూర్చుంది.

"లేవవే!"

లేవలేదు. నిన్నటిలాగే చూసింది.

ఆమె చేయి ఆగిపోయింది. మూట కట్టిన దుప్పటి! అదీ దుప్పటే కదా. ముందు నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపొచ్చింది. పదకొండు అని రాసింది. బాతు దిగి రెండో మూట కోసం కాచుకుని కూర్చుంది.

అయిదు మూటలు, యాభై అయిదు. సూపర్‌వైజర్ చీటీని రెండుసార్లు చదివాడు.

"చుట్టిన దుప్పటా? నా బుర్రకీ తట్టలేదు చూడు," అని సంతకం పెట్టాడు. "ఇక ఈ బల్ల నీదే. బాతుని మాత్రం ఉతికిన వాటిమీద ఎక్కనివ్వకు."

ఆ సాయంత్రం ఆమె రెండు కంచాలు పెట్టింది. బాతు వెళ్లి గిన్నె మూత మీద కూర్చుంది.

"దీనికేం పోయేకాలం?" అంది అత్తగారు.

ఆమె కంచాలు మళ్లీ లెక్కపెట్టింది. తర్వాత అలమర తెరిచి తనకోసం మూడో కంచం తీసింది.