తువ్వాలు కింది చెయ్యి

సంత నిండా పశువులు ఉన్నాయి. బేరం మాత్రం ఒక్కటీ లేదు.

ఎమ్మిగనూరు సంతలో అలాంటి ఉదయాన్ని నేను అంతకుముందు చూడలేదు. ఎద్దులు, ఇక్కడ ఎనుములు అనే గేదెలు, దూడలు వరుసగా కట్టేసి ఉన్నాయి. వాటి పక్కన మనుషులు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకరి పశువును ఒకరు చూస్తున్నారు, పళ్ళు చూస్తున్నారు, పొదుగు తడుముతున్నారు, ఏమీ అనకుండా వెనక్కి వెళ్తున్నారు. ఇంత మంది ఏదో అనబోయి మాట మింగేస్తే పుట్టే నిశ్శబ్దం ఖాళీ చోట ఉండే నిశ్శబ్దంలా ఉండదు. అది ఒంటిమీద పాకుతుంది.

నేను పశువుల డాక్టర్ని. పేరు గురుదత్. ఆదోనిలో ఒక్కడినే ఉంటాను. ఆ వేసవిలో ఢిల్లీ నుంచి సంతలకు కొత్త నియమాలు వచ్చాయి. కోతకు పోయే పశువును సంతలో అమ్మకూడదు. కొనేవాడు రైతునని కాగితం చూపించాలి. కొన్నదాన్ని ఆరు నెలల దాకా మళ్ళీ అమ్మకూడదు. సంతలోకి వచ్చిన పశువును డాక్టరు చూడాలి. ఆ చివరి వాక్యం కోసం నన్ను పంపించారు. షామియానా కింద ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక మైకు. ఒక కుర్చీలో రైతుల పాసు పుస్తకాలు చూసే సంత గుమాస్తా నరహరి, రెండో దాంట్లో నేను.

గేటు దగ్గర పోలీసు జీపు నిలబడగానే దళారులు ఒక్కొక్కరే జారుకున్నారు. దళారి లేకపోతే ఇక్కడ బేరం లేదు. ఈ సంతలో ధరను నోటితో పలకరు. దళారి తన తువ్వాలు కప్పి, దాని కింద ముందు అమ్మేవాడి వేళ్ళు పట్టుకుంటాడు, తర్వాత కొనేవాడి వేళ్ళు. ఒక్కో వేలికి ఇంతని ఒక లెక్క, పట్టుకున్న వేళ్ళే ధర. పైకి చెబితే పశువుకు దిష్టి తగులుతుందని ఒక భయం, పక్కవాడు అడ్డం వస్తాడని ఇంకొకటి. నరహరికి మాత్రం మైకు కొత్త. దాన్ని వదలడం లేదు.

"ఏమి సిగ్గప్పా మీకు? ఎంతకిస్తారో గట్టిగా సెప్పండి. అన్నీ బహిరంగమే ఇప్పుడు!"

ఎవరూ చెప్పలేదు. ఒక ఎద్దు మాత్రం అరిచింది. జనం నవ్వారు.

"అదన్నా సెప్పింది. రాసుకో నరహరన్నా," అన్నారెవరో.

అప్పుడు సుంకమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, ఎండిన కందికట్టెలా ఉంటుంది. ఎకరం చేను పేరుకే ఉంది, ఎమ్మిగనూరులో పాలు పోసి బతుకుతుంది. బస్టాండు దగ్గరి టీ కొట్లకూ, పసిపిల్లలున్న నాలుగైదు ఇళ్ళకూ ఆమె పాలే. ఆమె వెనక తాడుకు కట్టిన ఎనుము నిదానంగా నడిచి వచ్చింది.

"సారూ, దీన్ని సూసి కాగితం రాసియ్యి. పొద్దునుంచి నిలబడితి. ఒట్టిపోయి ఏడాదైంది. ఎదకు సూదులు ఏయిస్తి, సూలు కట్టల్యా. పోయిన ఏడాదైతే సాబుల్లో ఎవరో ఒగరు కొనుక్కొని పోతాండ్రి. ఆ దుడ్డుతో పాడి ఎనుమును తెచ్చుకొంటాంటి. ఇప్పుడు వాళ్ళు సంత దిక్కే సూడ్డం లేదు."

"రైతులెవరైనా కొంటారేమో."

"గొడ్డుమోతు ఎనుమును ఏ రైతు కొంటాడప్పా? సొప్పకు పట్టిన రేటు తెలిసినోడు ఎవుడన్నా కొంటాడా?" ఆమె గొంతు పెంచింది. "దీన్ని మేపల్ల. మేపితే కొత్తది తేనీకె సేతిలో ఏమీ ఉండదు. కొత్తది తేకపోతే పాలు యాడనుంచి పొయ్యల్ల? పోయిన వారం నుంచి టీ కొట్టోళ్ళు పొడిపాలు కలుపుతాండారు. ఈ పొద్దు గూడా తేకపోతే వాడిక పాలు మర్చిపోండ్రి అని నేనే సెప్పి వచ్చినాను. పిల్లల తల్లులకేమి సెప్పల్ల?"

ఆమె అలా అరుస్తుంటే పక్కవాళ్ళు ముఖాలు తిప్పుకున్నారు. కోపం చూసి కాదు. వాళ్ళ వెనకా అలాంటి ఎనుములే ఉన్నాయి.

నేను భుజందాకా వచ్చే తొడుగు వేసుకున్నాను. కాగితంలో చూలు ఉందో లేదో రాయాలి. సబ్బునీళ్ళు రాసి, తోక పక్కకు పట్టించి, ఎడమ చేయి లోపలికి పెట్టాను.

మా ఇంట్లో ముట్టుకోవడం అనుమతి మీద జరిగేది. మంత్రాలయంలో గుడి సేవ చేసే కుటుంబం మాది. అమ్మ ఉదయం నుంచి మధ్యాహ్నందాకా మడిలో ఉండేది. నేను పరిగెత్తుకుంటూ వెళ్తే "దూరం, దూరం" అనేది, నవ్వుతూనే. నవ్వుతూ అన్న మాట కాబట్టి బాధపడే హక్కు కూడా నాకు ఉండేది కాదు. ఆ దూరం నా చర్మంలో ఉండిపోయిందని నాకు తెలుసు. జనంలో చేతులు జేబుల్లో పెట్టుకుంటాను. అదే మనిషి రోజూ మూగజీవాల లోపలికి భుజందాకా వెళ్తాడు. అక్కడ కళ్ళు పనిచేయవు. చెయ్యే చూస్తుంది. నా జీవితంలో నేను పూర్తిగా మెలకువగా ఉండేది ఆ కాసేపే.

వెచ్చటి చీకటి. వేళ్ళు అలవాటైన దారిలో వెళ్ళాయి. గర్భసంచి ఉండాల్సిన చోట లేదు. కిందికి జారి ఉంది, బరువుగా. వేళ్ళు పక్కకు పోయాయి. అక్కడ రక్తనాళం ఉంటుంది, మామూలుగా టక్కు టక్కుమంటుంది. ఇప్పుడు అలా కొట్టుకోవడం లేదు. సన్నటి కాలువలో నీళ్ళు పారినట్టు వేళ్ళ కింద జలజలమంటోంది. కడుపులో ఒక ప్రాణం రక్తాన్ని లాక్కుంటుంటే తప్ప ఆ నాళం అలా పలకదు.

ఆ క్షణంలో ఆ సంగతి లోకంలో నాకొక్కడికే తెలుసు. ముఖం నా అదుపులో లేదనుకుంటాను.

"ఏమి సారూ, నవ్వుతాండావు?" అంది సుంకమ్మ అనుమానంగా.

"అక్కా, ఇది గొడ్డుమోతు కాదు. చూడి ఎనుము. నాలుగు నెలలు దాటింది."

ఆమె నన్ను తిట్టబోయినట్టు చూసింది. "ఎగతాళి సెయ్యొద్దు. సూది కట్టల్యా అంటి గదా."

"సూది వల్ల కాదు. బయట ఎక్కడైనా మేసిందా?"

ఆమె నోరు తెరుచుకుంది. చెయ్యి చెంపకు పోయింది. "కాలవ గట్టుకు తోలుతాంటి. పాలియ్యనిదానికి ఇంట్లో సొప్పెందుకని. ఆడ ఊరమ్మకు వదిలిన దున్న తిరుగుతాంటాది..." ఎనుము వైపు తిరిగింది. "ఓసి దొంగముండా! నాకు ఒక మాట సెప్తివా?"

జనం గొల్లుమన్నారు. ఉదయం నుంచి బిగపట్టిన నవ్వంతా ఒక్కసారి బయటపడింది. ఎవరో ఈల వేశారు. "ఊరమ్మ దున్నతో వియ్యమందితివి గదా సుంకక్కా, కట్నమేమన్నా పెట్టినావా?" అన్నారు. "పెట్టల్లంటే నీ ఇంటికొచ్చి అడుక్కొంటాలే," అంది ఆమె. కళ్ళు తుడుచుకుంటూనే అంది.

ఆ నవ్వుల్లోంచి ఒకాయన ముందుకు వచ్చాడు. హొళగుంద వైపు రైతు, పేరు నాగప్ప. పొద్దుటి నుంచి తన పాడి ఎనుమును, దాని దూడను పట్టుకుని షామియానా పక్కనే నిలబడి ఉన్నాడు. ఎవరూ అడగలేదు, ఆయనా ఎవరికీ చెప్పలేదు.

"నిజంగా సూడిదేనా సారూ?"

"నిజమే. కాగితం మీద రాసి సంతకం పెడతాను."

"అట్లయితే అదలు బదలు సేసుకొందామా అక్కా?" అన్నాడు సుంకమ్మతో. "నా పెండ్లాం పద్మ సెయ్యి ఇరిగింది. ఈ ఎనుము ఆమెకు తప్ప ఎవురికీ పాలు సేపదు. ఈదిలో ఆడోళ్ళందర్నీ పిలిస్తి. రానీల్యా. నేనే ఆమె సీర కట్టుకొని కూసొంటి. వాసన సూసి ఎగిరి తన్నింది."

"సీర కట్టినావు సరే, మీసం దాసినావా?"

"ముసుగేసుకొంటినక్కా!"

నరహరి కూడా మైకు పక్కన పెట్టి నవ్వాడు. నాగప్ప నవ్వలేదు. "దూడ తాగింది తాగంగా మిగిలింది పొదుగులోనే పోతాంది. సూడిదైతే ఈనేనాటికి పద్మ సెయ్యి బాగైతాది."

సుంకమ్మ ఆ ఎనుము చుట్టూ ఒకసారి తిరిగింది. "అందర్నీ తన్నే ఎనుము నన్ను మాత్రం తన్నదా? పాలు పిండి సూసినాకే మాట."

అప్పుడు సంత మళ్ళీ నిశ్శబ్దమైంది. కానీ ఇది వేరే నిశ్శబ్దం. జనం గుండ్రంగా మూగారు. సంతలో టీ కొట్టువాడు చెంబు ఇచ్చాడు. సుంకమ్మ కూర్చోలేదు. ఎనుము ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, అది మూతి పెట్టేదాకా నిలబడింది. దూడను వదిలి, నాలుగు గుక్కలు తాగాక లాగింది. మెల్లగా కూర్చుని తలను దాని డొక్కకు ఆనించింది. ఎనుము వెనక కాలు ఎత్తింది. అందరం ఒక అడుగు వెనక్కి వేశాం. సుంకమ్మ కదల్లేదు. గొంతులో ఏదో గొణుగుతోంది, పాటా కాదు, మాటా కాదు. కాలు గాలిలో కాసేపు ఆగి, కిందికి దిగింది.

మొదటి ధార చెంబు అడుగున చుర్రుమంది. రెండోది, మూడోది. తర్వాత చప్పుడు మారి నురగలో కలిసిపోయింది. నాగప్ప కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "హౌదు, హౌదు," అని కన్నడంలో అవునంటున్నాడు తనలో తాను.

మిగిలింది ధర. పాడి ఎనుము విలువ ఎక్కువ కాబట్టి సుంకమ్మ పైన కొంత ఇవ్వాలి. ఎంత? నరహరి మైకు అందుకున్నాడు. "సెప్పండప్పా ఇంక!"

ఇద్దరూ నేల చూశారు. ఇంత దూరం వచ్చిన బేరం అక్కడ ఆగిపోయింది. బేరంలో ఎదుటివాడి వేళ్ళు ఆడమనిషి నేరుగా పట్టుకోదు, మధ్యలో ఒకరు ఉండాలి. నోటితో చెప్పరు. దళారులు లేరు. పిండిన పాల మీద నురగ చల్లారుతోంది. వెనక నుంచి ఒకరిద్దరు వెళ్ళిపోతున్నారు.

సుంకమ్మ తలెత్తి నన్ను చూసింది. "నువ్వు పట్టు సారూ."

"నేనా? నాకు ఆ లెక్క రాదక్కా. పైగా నేను గవర్నమెంటు..."

"ఎనుము కడుపులోకి భుజందాకా సెయ్యి పెడితివి. తువ్వాలు కిందికి పెట్టనీకె సిగ్గా?"

ఎవరో నా చేతిమీద తువ్వాలు కప్పారు. అందులో చెమట, బీడీ వాసన. నియమాలు కాపాడటానికి నన్ను పంపారు. నా జేబులో ఆ కాగితం ఉంది. ధర గురించి దాంట్లో ఏముందో గుర్తుచేసుకోవాలని ప్రయత్నించాను. ఏదీ గుర్తు రాలేదు. తొడుగు తీసేశాను.

ముందు సుంకమ్మ చెయ్యి. గరుకుగా ఉంది, పాలతో ఇంకా తడిగా ఉంది. నా వేళ్ళను పట్టుకుని తను ఇవ్వగలిగింది చెప్పింది. ఆ చెయ్యి వణుకుతోంది. ముఖం చూస్తే ఎప్పటిలాగే దబాయింపు. మనిషి ముఖం ఎంతో నేర్చుకుంటుంది, చేతికి ఎవరూ ఏమీ నేర్పరు. ఆ వణుకు నాకు ఒక్కడికే తెలిసింది, ఇందాక ఆ జలజల తెలిసినట్టే.

తర్వాత నాగప్ప చెయ్యి. వెడల్పుగా, వేడిగా ఉంది. ఆయన చెప్పింది ఎక్కువ. మళ్ళీ సుంకమ్మ వైపు. ఆమె కొంచెం పెంచి, నా బొటనవేలిని గట్టిగా అదిమింది. ఇంక లేదని అర్థం. ఎవరూ చెప్పకుండానే తెలిసింది.

మళ్ళీ నాగప్ప వేళ్ళు. ఆమె నాకు పట్టినన్ని వేళ్ళే ఆయనకు పట్టాను. ఆయన ముఖం రాయిలా ఉంది, చెయ్యి మాత్రం వెనక్కి పోవడం లేదు. ఇంకా అడగాలని చాచిన ఒక వేలు, మడుచుకోవాలో వద్దో తేల్చుకోలేక నా అరచేతిలో అలాగే ఉండిపోయింది. నేను ఏమీ చేయలేదు. నొక్కలేదు, వదల్లేదు. ఒక మనిషి చేతిని అంతసేపు పట్టుకుని ఉండటం నాకు అదే మొదటిసారి. భయం వేయలేదు. తలలో ఏదో హోరుగా పారుతున్నట్టు ఉంది.

ఆ వేలు మడుచుకుంది.

"బేరం తెగింది," అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

జనం కేక పెట్టారు. సుంకమ్మ, నాగప్ప పలుపులు మార్చుకున్నారు. "ఎంతకు తెగింది సార్?" అంటూ నరహరి మైకు నా నోటి దగ్గర పెట్టాడు.

"ఆరోగ్యం రాశాను, చూలు రాశాను. ఇద్దరూ రైతులేనని పాసు పుస్తకాలు నువ్వే చూశావు. ధర నన్నడగొద్దు నరహరీ."

నా మాట మైకులో సంతంతా మోగింది. మళ్ళీ కేకలు. నరహరి తల కొట్టుకుని మైకు ఆపేశాడు.

టీ కొట్టువాడు ఆ పాలు పొయ్యి మీద పెట్టేశాడు. ఆ వాసనకు వెళ్ళిపోతున్నవాళ్ళు ఆగారు. ఇంతలో తిమ్మమ్మ అనే ముసలావిడ తన ఎనుమును లాక్కొచ్చింది. "నా దాంట్లో గూడా సూడు నాయనా." మళ్ళీ తొడుగు వేసుకున్నాను. ఎంతసేపు వెతికినా వేళ్ళకు ఏమీ తగల్లేదు. చూలు లేదని చెప్పాను. ఆమె తాడు పట్టుకుని వచ్చిన దారినే పోయింది. దాన్ని కొనేవాళ్ళు ఈ సంతలో ఇక లేరు. దాని మేత ఆమెదే. చెయ్యి బయటికి తీశాక కూడా ఆ ఖాళీ నా వేళ్ళకు అంటుకునే ఉంది.

కడుక్కుంటుంటే వెనక ఎవరో పిలిచారు.

"సార్, ఈడ గూడా ఒగ సెయ్యి పట్టు. ఎద్దుల జత. ఇద్దరమూ ఒప్పుకొన్నట్టే ఉండాము."

వాళ్ళ వెనక ఇంకో ఇద్దరు. ఆ వెనక ఇంకొందరు, తువ్వాళ్ళు సిద్ధంగా పట్టుకుని, ఒకరినొకరు తోసుకుంటూ. గేటు దగ్గర జీపులోని పోలీసు టీ తాగుతూ ఇటే చూస్తున్నాడు. రేపు నన్ను సంజాయిషీ అడగొచ్చు. అడగనీ.

చెయ్యి తుడుచుకోవడానికి కూడా ఆగలేదు. తడిచేతిని అలాగే తువ్వాలు కిందికి చాచాను.